మేయరు పీకిన పేరు పలకలు

పోయిన మంగళవారం పత్రికాయన మా ఇంటికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, రాసుకొచ్చిన కాగితం గడగడా చదివాడు. కర్లూ నగరానికి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయట. మొట్టమొదటి మేయరు జీవిత విశేషాలు అచ్చు వేస్తారట. మా అన్నయ్య ఈనస్ లాత్రప్ ఒహాయోలో పుట్టాడనీ, వడ్రంగి పని చేసుకుంటూ నెబ్రాస్కా మైదానానికి వచ్చాడనీ, గడ్డి తప్ప ఏమీ లేనిచోట ఊరు నిలబెట్టాడనీ, రైలు తెచ్చాడనీ రెండు పేజీల పొగడ్త. చివర్లో ఒక వాక్యం: "మంచు తుఫాను నాడు శ్మశానంలోని పేరు పలకలు కొన్ని పొయ్యిలో పెట్టానని పదేళ్ళ తరవాత తనంతట తానే ఒప్పుకున్న సత్యసంధుడు."

"ఎలా ఉందండీ డోషీ గారూ?" అన్నాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"ఏడిసినట్టుంది," అన్నాను.

పాపం, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు, ఆయనకీ తెలిసే ఉంటుంది. "పోనీ ఏం మార్చమంటారు?" అని అడిగాడు. శుక్రవారం రమ్మని పంపేశాను. శుక్రవారం లోపల నేను చెయ్యాల్సిన పని ఒకటుంది. దానికి నాకు పంతొమ్మిదేళ్ళుగా ధైర్యం చాలలేదు.

అన్నయ్య గురించి నేనే చెప్తాను. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మాట తక్కువ, పని ఎక్కువ. పెళ్ళి ఊసెత్తితే నీళ్ళు నమిలేవాడు. పద్ధెనిమిది వందల అరవై తొమ్మిదిలో అమ్మ పోయాక, ఎద్దుల బండిలో పనిముట్ల పెట్టె పెట్టుకుని పడమటికి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. వస్తే అమ్మ అల్మరా కూడా రావాలన్నాను. నల్ల వాల్‌నట్ కర్రతో మా తాత చేసిన అల్మరా అది. బండిలో సగం అదే పట్టేసింది. ఎనిమిది వందల మైళ్ళు అల్మరా బండెక్కి వచ్చింది, మేమిద్దరం నడిచి వచ్చాం. దారిలో కలిసిన వాళ్ళంతా, "ఏమ్మా, అల్మరాకి కాళ్ళు నొప్పులా?" అని వెక్కిరించేవాళ్ళు. నేను ఊరుకునేదాన్నా! "మీ బుర్రలకన్నా అదే నయం, లోపల ఏదో ఒకటి పెట్టుకోవచ్చు," అనేదాన్ని. అన్నయ్య మాత్రం తల వంచుకుని నవ్వుకునేవాడు.

మేం వచ్చేనాటికి కర్లూలో ఏరు దాటే చోట పదిళ్ళుండేవి. మూడేళ్ళలో అరవై అయ్యాయి. అప్పుడు మేయరు కావాలన్నారు. ఒకవైపు అన్నయ్య, ఇంకోవైపు సారాయి కొట్టు మాక్‌గిల్. బండికి ఈ పక్క నిలబడితే ఒకరికి ఓటు, ఆ పక్క నిలబడితే ఇంకొకరికి. మాక్‌గిల్ పొద్దున్నుంచే తన వాళ్ళకి పోయించాడు. తీరా లెక్కపెట్టే వేళకి వాళ్ళలో కొందరు నిలబడే స్థితిలో లేరు. పడుకున్న వాళ్ళ ఓటు చెల్లదని తేల్చేశారు. ముప్పై మూడు, ఇరవై తొమ్మిది. అలా అయ్యాడు మా అన్నయ్య మేయరు. వీధుల్లో పందులు తిరగకూడదని మొదటి ఆజ్ఞ వేశాడు. మొదట పట్టుబడింది మా పందే. తనే తాడు కట్టి ఈడ్చుకెళ్ళి కొట్టంలో కట్టేశాడు, నేను తిట్టిపోస్తున్నా వినకుండా. అంత నిక్కచ్చి మనిషి.

ఆ మరుసటి ఎండాకాలం ఊరికి విషజ్వరం తగిలింది. ఆరు వారాల్లో నలభై ఒక్కమంది పోయారు. శవాల పెట్టెలు చేసేది ఊళ్ళో అన్నయ్య ఒక్కడే. చివరి వారాల్లో చెక్క చాలక కొందరిని దుప్పట్లో చుట్టి పూడ్చాల్సి వచ్చింది. పెట్టె లేకపోయినా పేరు లేకుండా మాత్రం ఎవరినీ వదల్లేదు. ఒక్కొక్కరికీ ఒక పలక చేసి, తెల్లరంగు వేసి, నల్లగా పేరు రాసి పాతాడు. డార్కస్ ప్రూయిట్ కూతురు లెటీ ఆఖరి వారంలో పోయింది. నాలుగేళ్ళ పిల్ల. డార్కస్ మొగుడు అంతకు ముందే ఏట్లో కొట్టుకుపోయాడు, శవం కూడా దొరకలేదు. పిల్ల పోయిననాడు డార్కస్‌కి కూడా అదే జ్వరం, ఒంటి మీద తెలివి లేదు. సైన్యం బండిలో వేసి ముప్పై మైళ్ళ అవతల కోటలో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయారు. బిడ్డని ఎక్కడ పూడ్చిందీ ఆమె చూడలేదు. లెటీని దుప్పట్లో చుట్టి మూడో వరుసలో పెట్టాం. ఆ వరుసలో పదహారుగురు.

అదే ఏడాది నవంబరులో రైలు కంపెనీ వాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. రైలు మా ఊరి మీదుగా పోవాలో, ఇరవై మైళ్ళ దిగువనున్న బార్నెట్ మీదుగా పోవాలో చూసుకుని తేలుస్తారట. రైలు రాని ఊరు రెండేళ్ళలో ఖాళీ అయిపోతుంది, అలాంటివి కళ్ళారా చూసిన వాళ్ళం. అయితే వాళ్ళు వచ్చే దారి పక్కనే ఉంది శ్మశానం గుట్ట. కొత్త రంగు పలకలు నలభై ఒకటి తెల్లగా మెరుస్తూ దారిన పోయే వాడికి కనబడి తీరతాయి.

"రంగు మళ్ళీ వెయ్యడానికని చెప్పి వారం రోజులు పీకేద్దాం," అన్నాడు అన్నయ్య భోజనాల దగ్గర, తల ఎత్తకుండా.

"చచ్చిపోయిన వాళ్ళని దాచిపెడతావా అన్నయ్యా?"

"దాచడం కాదే. వారం రోజులే. వాళ్ళు చూసి వెళ్ళగానే ఎక్కడివక్కడ పాతేస్తాను."

"పందిని ఈడ్చుకెళ్ళిన మేయరు ఈయనేనా?" అన్నాను. ఎర్రబడ్డాడు గానీ మాట మార్చలేదు.

వడ్రంగులకి ఒక అలవాటుంది. ఏదైనా విప్పితే, విప్పిన వరుసలోనే పేరుస్తారు. మళ్ళీ బిగించేటప్పుడు పైనుంచి ఒక్కొక్కటే తీస్తే చాలు, గుర్తులు పెట్టుకోనక్కర్లేదు. అన్నయ్య జీవితమంతా అలాగే పనిచేశాడు, ఎన్నడూ తప్పలేదు. పలకల్ని కూడా అలాగే పీకి, మా వంటింటి వెనక కొట్టంలో వరుస తప్పకుండా దొంతి పేర్చాడు. "దీన్ని ముట్టుకోకు డోషీ," అన్నాడు. కాగితం మీద రాసిపెట్టుకోలేదు. గుట్ట మీద గుర్తుగా చిన్న కర్రముక్కైనా పాతలేదు.

రైలు వాళ్ళు ఆరుగురు వచ్చారు. మా ఇంట్లోనే దిగారు. కోడిమాంసం, ఎండు ఆపిల్ పళ్ళ రొట్టె వండి పెట్టాను. "మీ శ్మశానం ఎక్కడుందండీ, కనబడలేదే?" అన్నాడు వాళ్ళలో ఒకడు సరదాగా. అన్నయ్య నవ్వుతూ, "ఈ గాలికి మా వాళ్ళు చావడం మర్చిపోయారండీ," అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేను పళ్ళేలు తీస్తూ అన్నయ్య మొహం చూశాను. నవ్వుతున్నాడు గానీ చెవులు కందిపోయి ఉన్నాయి.

మర్నాడు పొద్దున తుఫాను విరుచుకుపడింది. గుమ్మంలో నిలబడితే మన చెయ్యి మనకి కనబడనంత మంచు. బళ్ళో పిల్లలున్నారని అన్నయ్య నడుముకి తాడు కట్టుకుని వెళ్ళాడు. మూడు రోజులు పిల్లలతో అక్కడే చిక్కుకుపోయాడు. ఇక్కడ మా ఇంట్లో ఆ ఆరుగురు, పక్కింటి భార్యాభర్తలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు, నేను. మా మైదానంలో చెట్టన్నది లేదు. అడవిదున్నల పిడకలే మా పొయ్యిలోకి. రెండో రోజు మధ్యాహ్నానికి లోపలున్న పిడకలు అయిపోయాయి, బయటివి మంచు కింద పడ్డాయి. కుర్చీలు విరగ్గొట్టాం. బల్ల విరగ్గొట్టాం.

"ఆ అల్మరా ఉంది కదమ్మా," అన్నాడు రైలు వాళ్ళలో పెద్దాయన. "రెండు రోజులు వస్తుంది."

"అది మా అమ్మది. ఎవరైనా చెయ్యి వేశారో, మంచులోకి తోసేస్తాను," అన్నాను.

కొట్టం తలుపు తీసి పలకలు తెచ్చాను. కప్పు సందుల్లోంచి మంచు పడి దొంతిలో పైవన్నీ తడిసి ఉన్నాయి. పైవి లాగి పక్కన పడేసి, అడుగు నుంచి పొడివి చూసుకుని తీశాను. పేర్లు చూడలేదు. అబద్ధం, మొదటిది చూశాను, తరవాత చూడకుండా బోర్లా తిప్పి వేశాను. తొమ్మిది పలకలు. రంగు వేసిన చెక్క కదా, బాగా మండింది. మిగిలినవి నాకు తోచినట్టు మళ్ళీ పేర్చేశాను.

అన్నయ్య తిరిగొచ్చాక నేను చెప్పకముందే కొట్టంలోకి వెళ్ళాడు. చాలాసేపు బయటికి రాలేదు. వెళ్ళి చూస్తే దొంతి పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏ వరుసవి వేశావు?"

"చూడలేదన్నయ్యా."

లేచి ఇంట్లోకి వచ్చాడు. కుర్చీల్లేని, బల్ల లేని గదిలో గోడకి ఆనుకుని ఉన్న అల్మరా వంక ఒకసారి చూశాడు. ఏమైనా అంటాడని ఎదురుచూశాను. తిడితే బాగుండును. చచ్చేదాకా అల్మరా మాట ఎత్తలేదు.

రైలు మాకే వచ్చింది. వసంతంలో మంచు కరిగేసరికి గుట్ట మీద మట్టి దిగిపోయి, పెద్ద గోరీ ఏదో చిన్న గోరీ ఏదో తెలియకుండా పోయింది. మొదటి రెండు వరుసల్లో తనకి గుర్తున్నంతవరకు సరిచేసుకున్నాడు. మూడో వరుస ఏమీ తేలలేదు. ఊరంతా రైలు సంబరంలో ఉండగా కాలిపోయిన పేర్లతో తొమ్మిది కొత్త పలకలు చేసి, ఆ వరుసలో పలకలన్నీ చేతికొచ్చినట్టు పాతేశాడు. లెటీ పలక ఐదోచోట పడింది.

మే నెలలో డార్కస్ కోట నుంచి తిరిగొచ్చింది. బండి దిగుతూనే అన్నయ్య వడ్రంగి దుకాణానికి వచ్చింది. జుట్టంతా రాలిపోయి, మనిషి సగమై ఉంది.

"మేయరు గారూ, నా లెటీ ఎక్కడ?"

అన్నయ్య చేతిలో చిత్రిక అలాగే ఆగిపోయింది. చెప్పేస్తాడనుకున్నాను. "రా తల్లీ," అని గుట్ట మీదికి తీసుకెళ్ళి, మూడో వరుసలో ఐదో పలక చూపించాడు. ఆమె ఆ మట్టి మీద బోర్లా పడుకుని, రెండు చేతులా కావలించుకుంది. "అమ్మ వచ్చేసిందే, ఇంక భయం లేదే," అంటూ ఎంతసేపు మాట్లాడిందో. నేను కంచె దగ్గర నిలబడి విన్నాను. నోరు మెదపలేదు, నోరున్న దాన్నని పేరు మాత్రం ఉంది నాకు.

ఆ తరవాత పదేళ్ళు అన్నయ్య ఆమెకి చెయ్యని చాకిరీ లేదు. ఇంటికప్పు వేశాడు. చలికాలం పిడకలు మోసుకెళ్ళి పోశాడు. డార్కస్ ఊరి బట్టలు ఉతికి బతికేది, చేతులు పుళ్ళు పడిపోయేవి. ఆదివారం వస్తే గుట్ట మీద ఐదో పలక దగ్గర కూర్చునేది. "దేవుడు లేడంటారు గానీ, మీ అన్నయ్యని చూస్తే ఉన్నాడనిపిస్తుంది డోషీ," అనేది నాతో. ఆ మాట నేను ఇంట్లో చెప్పిన రోజున అన్నయ్య కంచం వదిలేసి లేచిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

ఎనభై మూడులో ఆమె తమ్ముడు ఏసా ఆరెగన్ నుంచి వచ్చాడు. అక్కడ ఆపిల్ తోట, రెండంతస్తుల ఇల్లు, పెళ్ళాం పిల్లలు. అక్కని తీసుకుపోదామని వచ్చాడు. డార్కస్ రానంది.

"నేనెళ్ళిపోతే ఇక్కడ దానికెవరున్నార్రా? చీకటంటే భయం దానికి," అందట.

ఏసా అన్నయ్య దగ్గరకొచ్చి బతిమాలాడు. "మీ మాటంటే మా అక్కకి గురి, మేయరు గారూ. ఈ చాకిరీతో ఇంకో రెండేళ్ళు కూడా బతకదు. మీరైనా నచ్చజెప్పండి."

వాడు వెళ్ళిపోయాక అన్నయ్య అన్నాడు, "చెప్పేస్తాను డోషీ."

"నీకేమైనా మతిపోయిందా? పదేళ్ళ తరవాత చెప్పి ఆ తల్లిని చంపుతావా?"

"ఎవరి మట్టో తెలియని చోట కూర్చోబెట్టి ఆమె బతుకంతా తినేశాను. నిజం తెలిస్తే వెళ్ళిపోతుందేమో. బాగుపడుతుందేమో."

"అయితే నేను..." అని నసిగాను.

"నీ పేరు రాదు. పీకింది నేను. కాల్చిందీ నేనేనని, బళ్ళోంచి వచ్చిన రాత్రి పొయ్యిలో వేశానని చెప్తాను. చూసిన పక్కింటి వాళ్ళు ఏనాడో ఊరు వదిలి వెళ్ళిపోయారు."

వద్దన్నయ్యా, నా తప్పు నేను చెప్పుకుంటాను, అనాలి కదా. అనలేదు. ఆ మాట వినగానే గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఆదివారం గుట్ట మీద, ఏసా ఎదుటే అన్నయ్య చెప్పాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. డార్కస్ కళ్ళార్పకుండా వింది.

"అయితే ఇందులో ఎవరున్నారు?" అంది, ఐదో పలక మీద చెయ్యి వేసి.

"తెలీదమ్మా. ఈ వరుసలోనే ఉంది. ఈ పదహారింటిలో ఒకటి."

ఏసాకి కోపం తన్నుకొచ్చింది. "తవ్వుదాం! ఎక్కడుందో ఇవ్వాళే తేలిపోవాలి!" అని అరిచాడు.

"ఏం తేలుతుందిరా," అంది డార్కస్. "ఈ వరుసలో ఆరుగురు పిల్లలున్నారు. ఎముకల మీద పేర్లుంటాయా? వాళ్ళ తల్లుల కడుపు కూడా కెలకనా?"

"అయితే వచ్చెయ్ అక్కా. ఇంక ఇక్కడేముంది?"

ఆమె అటు చివరి నుంచి ఇటు చివరిదాకా చూసింది. "ఒక్కటే అయితే ఎవరికైనా అప్పజెప్పి వచ్చేదాన్ని. పదహారింటిని ఎవరికప్పజెప్పను?"

ఏసా ఒక్కడే రైలెక్కాడు. ఏ రైలు కోసం పలకలు పీకామో ఆ రైలే. ఊరు భగ్గుమంది. మావాళ్ళ పలకలు ఏవి, ఎక్కడ, అని వచ్చి దుకాణం కిటికీలు పగలగొట్టారు. అన్నయ్య ఆ వారమే పదవి వదిలేశాడు. తరవాత పద్నాలుగేళ్ళు బతికాడు. డార్కస్ ఆ పద్నాలుగేళ్ళలో ఒక్కసారైనా అన్నయ్య మొహం చూడలేదు. వాడు మోసుకెళ్ళిన పిడకలు గుమ్మం బయటే నానిపోయేవి. ఆదివారాలు ఆమె మొదటి పలక దగ్గర కూర్చుని కాసేపు మాట్లాడి, లేచి రెండోదాని దగ్గరికి, అక్కణ్ణించి మూడోదాని దగ్గరికి వెళ్ళేది. పదహారూ అయ్యేసరికి పొద్దుగుంకేది. వాడు కంచె బయట నిలబడి చూసేవాడు, లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. పోయేముందు జ్వరంలో, "ఎన్నోదాని దగ్గరుంది?" అని అడిగాడు నన్ను. పదమూడు, అన్నాను నోటికొచ్చింది. వాడు పోయిననాడు ఊళ్ళో సగంమంది వచ్చారు. డార్కస్ రాలేదు.

ఇదీ మా అన్నయ్య. పత్రికాయన కాగితంలో ఆ చివరి వాక్యం అచ్చయిందంటే, నా తప్పు వాడి పేరు మీద శాశ్వతంగా నిలబడిపోతుంది. పైగా దానికి మెచ్చుకోలు కూడా.

గురువారం పొద్దున డార్కస్ ఇంటికెళ్ళాను. డెబ్భైకి దగ్గరపడింది. పెరట్లో ఎవరివో దుప్పట్లు ఆరేస్తోంది. ఒక కొస నేను పట్టుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నమాట అనేశాను.

"డార్కస్, పలకలు కాల్చింది అన్నయ్య కాదు. నేను. వాడు ఆ మూడు రోజులూ బళ్ళో ఉన్నాడు, వాడికి తెలియనే తెలియదు."

ఆమె చేతులు ఆగాయి. దుప్పటి మా ఇద్దరి మధ్య వేళ్ళాడుతోంది.

"ఆయన ఎదురొస్తే నేను రోడ్డు దాటి అవతలికి పోయేదాన్ని," అంది. "ఒకసారి గుమ్మంలో నిలబడితే మొహం మీద తలుపేశాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"పోయిననాడు కూడా?"

"ఆ రోజూ నోరు విప్పలేదు."

దుప్పటి కొస వదిలేసి, తొట్టి అంచు మీద కూలబడింది. నా వంక చూసింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. దేనికోసమో వెతుకుతున్నట్టు చూసింది.

"ఇంట్లో పిల్లలున్నారు కదూ ఆ రోజు? పక్కింటి వాళ్ళ పిల్లలు?"

"ఉన్నారు. ఇద్దరు."

"మరి చలికి చచ్చిపోతారని వేసుంటావు," అంది. ఆమే నాకు దారి చూపిస్తోంది. అవునంటే చాలు, ఇద్దరం ఇక్కడితో ఊపిరి పీల్చుకోవచ్చు. నా చెయ్యి కూడా పట్టుకుంది, పుళ్ళు మానిన గరుకు చేత్తో. "ఇంట్లో ఇంకేం కర్ర లేదు కదా డోషీ?"

"ఉంది," అన్నాను.